విద్యయు కాయకమే

శరణ ధర్మమునందు కాయకమనగా పొట్టకూటికై చేయు పని మాత్రమే కాదు. తన చెమటతో తాను సంపాదించి, తనకు వలసినంత మాత్రమే తాను గ్రహించి, తక్కినది దాసోహము గావించు జీవన మార్గమే కాయకము. చెప్పులు కుట్టిన హరళయ్య, పడవ నడిపిన చౌడయ్య, త్రాళ్ళు పేనిన చందయ్య, రాజు కోశాగారపు లెక్కలు చూచిన బసవేశ్వరుడు కళ్యాణ నగరమున ఒకే శరణ సమూహమున సరిసమానులై నిలువగలిగిరి. వారి పనులు వేరైనను అన్నియు సత్యశుద్ధమైన కాయకములగుటయే అందులకు కారణము. పనియందు ఎక్కువ తక్కువలు లేవు. పనియందలి సత్యాసత్యములే కలవు.

అట్లయిన చదువుకొను బిడ్డకు కాయకమేది? చదువే. పొలములో రైతు దున్నునట్లు విద్యార్థి గ్రంథమును దున్నవలెను. అతడు వ్రాసిన జవాబు, చేసిన ప్రయోగము, సమర్పించిన సిద్ధాంత వ్యాసము అతని కాయక ఫలములు. వానికి బదులుగా లోకమతనికి పట్టానిచ్చును, కొలువునిచ్చును, గౌరవమునిచ్చును. దున్నక పంటను ఇంటికి తెచ్చుకొనినవానిని లోకము దొంగయనును. చదువక పట్టాను ఇంటికి తెచ్చుకొనినవానిని మాత్రము తెలివిగలవాడనుచున్నది. ఈ రెండు మాటల నడుమ గల వ్యత్యాసమే నేటి విద్యారంగపు రోగము.

కార్బైడు పండు

ఈ రోగమును అర్థము చేసికొనుటకు నూజివీడు మామిడి తోటలకంటె మంచి పాఠశాల లేదు. ఒకప్పుడు కృష్ణా జిల్లాలోను, 2022 ఏప్రిల్ నుండి ఏలూరు జిల్లాలోను ఉన్న ఈ ప్రాంతము చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరు కాయలకు పేరు పొందినది. పూత పట్టినది మొదలు కాయ ముదురువరకు చెట్టు నెలల తరబడి తపస్సు చేయును. ముదిరిన కాయను కోసి వరిగడ్డిలో మాగవేసినచో, కాయ తనలో తానే పుట్టించుకొను వాయువు చేతనే పండును. ముందు లోపల తీపి పుట్టును, పిదప ఆ తీపికి సాక్ష్యముగా తొక్కపై రంగు వచ్చును.

కాని సీజను తొలి దినములలో ధర ఎక్కువ. పూత మీదనే తోటను గుత్తకు తీసికొనిన వ్యాపారికి పెట్టుబడి త్వరగా రాబట్టుకొను ఆతురత ఉండును. అందుచేత లేత కాయను కోసి, కాల్షియం కార్బైడు పొట్లముల నడుమ పెట్టుట ఒక దురాచారమైనది. తేమ తగులగనే కార్బైడు నుండి ఎసిటిలీను వాయువు వెలువడును. ఒకటి రెండు దినములలో కాయ పసుపు పచ్చనగును, కాని కోసిన లోపల పులుపే. బజారులో దొరకు కార్బైడులో ఆర్సెనిక్, భాస్వరముల అంశములు కలిసియుండుట చేత అది తినువానికి కీడు కూడ చేయును. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు ఇట్టి పండ్ల అమ్మకమును నిషేధించినవి. అయినను తొక్క రంగు చూచి కొనువాడున్నంత కాలము కార్బైడు పెట్టువాడును ఉండుచునే యున్నాడు.

పరీక్ష గదిలో చీటీలు పెట్టి వ్రాసిన జవాబు, డబ్బిచ్చి కొనిన ప్రాజెక్టు నివేదిక, మరియొకరి పుస్తకము నుండి పేరు చెప్పక ఎత్తి వ్రాసిన సిద్ధాంత గ్రంథము, ఇవన్నియు కార్బైడు పండ్లే. తొక్క మీద పట్టా యొక్క పసుపు రంగు కలదు, లోపల విద్య లేదు. అట్టి పండు కొనినవానికి నాలుక పులిసి ఊరకుండును. అట్టి వైద్యుని చేతికి రోగి ప్రాణము, అట్టి ఇంజనీరు చేతికి వంతెన, అట్టి ఉపాధ్యాయుని చేతికి ఒక తరము పిల్లలు చిక్కిన యెడల జరుగు నష్టమునకు మందు లేదు.

ఎవరి సొమ్ము పోవుచున్నది?

చూచి వ్రాయుటచే ఎవరికిని నష్టము లేదను వాదము తరచు వినబడును. "వాడు తన బ్రతుకు కొరకు వ్రాసికొనుచున్నాడు, ఇతరుల జేబులో చేయి పెట్టలేదు గదా" యని పెద్దలు సైతము అందురు. ఈ వాదమునకు శరణుల చరిత్రలోనే సమాధానము కలదు.

ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వానితో జంగమార్చన చేయుట కాయకముగా పెట్టుకొనినవాడు. ఒకనాడతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. అవి దొంగిలించినవి కావు, నేలమీద దొరకినవే. ఐనను భార్య లక్కమ్మ వానిని వండుటకు అంగీకరింపలేదు. అక్కరకు మించినది ఆశ యగునని, ఎక్కువైన దానిని తెచ్చిన చోటనే విడిచి రమ్మని భర్తను మరల పంపెను. పేద ఇల్లాలు చేసిన ఈ తీర్పు విశ్వవిద్యాలయముల గోడలమీద వ్రాసికొనదగినది. తన కాయకముచే రానిది ఎవరి జేబునుండియు రాకపోయినను తనది కాదు.

ఇక ఎవరి జేబునుండియు రాలేదనుట కూడ నిజము కాదు. నూజివీడునందే దీనికి దృష్టాంతము కలదు. గ్రామీణ విద్యార్థుల కొరకు 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయము ప్రాంగణములలో నూజివీడు ఒకటి. ప్రజలు దానిని ట్రిపుల్ ఐటీ యని పిలుతురు. పదవ తరగతి ముగించిన బిడ్డలు అచటనే ఉండి ఆరు సంవత్సరములు చదివి ఇంజనీరులై బయటికి వత్తురు. ప్రవేశమునకు ప్రధానమైన ఆధారము పదవ తరగతి మార్కులు. ప్రభుత్వ పాఠశాలల బిడ్డలకు మరికొంత ప్రోత్సాహము కలదు. కౌలు రైతు కొడుకు, కూలి చేయు తల్లి కూతురు అచట అడుగుపెట్టుటకు గల ఒకే ఒక ద్వారము ఆ మార్కుల పట్టిక. ఎచటనో ఒక పాఠశాలలో ప్రశ్నపత్రము ముందుగా చేతులు మారినచో, ఆ ద్వారము ముందు నిలిచిన నిజాయితీ గల బిడ్డ ఒకడు వెనుకకు నెట్టబడును. వానికి తన చోటును ఎవరు తీసికొనిరో తెలియదు. వాని తండ్రి "మన అదృష్టమింతే" యని మరల పొలమునకు పోవును. ముఖము కానరాని వానిని దోచినంత మాత్రమున అది దోపిడి కాకపోదు.

ఇది ఊహ కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్ పదవ తరగతి పరీక్షల వేళ ప్రశ్నపత్రముల ఛాయాచిత్రములు సెల్‌ఫోనులలో తిరుగగా, కొందరు ఉపాధ్యాయులే అరెస్టయిరి. తెలంగాణమున 2016 జూలైలో జరిగిన వైద్య విద్యా ప్రవేశపు ఎంసెట్-2 ప్రశ్నపత్రము ముందే బయటపడుటచే ఆ పరీక్ష రద్దయి, నిజముగా చదివిన వేలమంది బిడ్డలు సెప్టెంబరులో మరల పరీక్ష వ్రాయవలసి వచ్చెను. కొందరి కార్బైడు మూలమున తోట మొత్తము కాయలను పారబోసినట్లయినది.

గురుస్థానమున లోపము

దోషమంతయు విద్యార్థులదే యనుకొనుట పెద్దల కనుకూలమైన మాట. గురువు నడువని దారిలో శిష్యుడు నడువడు. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు చెందిన రసాయన శాస్త్రపు ఆచార్యుడొకరు, విదేశీ పత్రికలలో కొద్ది సంవత్సరముల వ్యవధిలో ప్రచురించిన సుమారు 70 పరిశోధనా వ్యాసములు ఇతరుల రచనల అనుకరణములు, కల్పిత ఫలితములు అను ఆరోపణ 2008లో లోకమెల్ల వ్యాపించెను. ఆ వ్యవహారమును బయటపెట్టినది ఇరుగుపొరుగున నున్న సహాధ్యాపకులు కారు, దూరదేశమున ఆ వ్యాసములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు. ఆలోచింపవలసినది ఇచటనే. ఒక్కని తప్పుకంటె, ప్రక్కనున్నవారు ప్రశ్నింపకపోవుట పెద్ద లోపము. వ్యాసముల సంఖ్యను బట్టి పదోన్నతి ఇచ్చు పద్ధతి, సంఖ్యను చూచి సంతోషించి లోపల చదువని అధికారులు, "మనకెందుకు" అను మౌనము, ఈ మూడును కలిసిన చోట కార్బైడు పొట్లము దానంతటదియే చేరును.

బసవేశ్వరుడు ఇందుకు భిన్నమైన మార్గమును చూపెను. బిజ్జలుని కోశాధికారియై యున్నప్పుడు, రాజధనమును జంగములకు వెచ్చించుచున్నాడని కిట్టనివారు కొండెములు చెప్పిరి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఈ కథను తెలుగువారికి అందించినాడు. బసవన్న కోపగించుకొనలేదు, పదవి చాటున దాగలేదు. భాండాగారమును తెరచి లెక్క చూచుకొనుమనెను, ధనము సరిపోయెను. భక్తులు దీనిని మహిమగా కొనియాడుదురు. మహిమ మాట అటుంచి నీతిని మాత్రము గ్రహించినను చాలును. పెద్దవాడైనవాడు తన లెక్కను తానే ముందుగా తెరచి చూపవలెను. ఆచార్యుడు తన వ్యాసమునకు ఆధారమైన ప్రయోగపు పుస్తకమును అడిగినవానికి చూపగలిగిననాడు, విద్యార్థికి నిజాయితీని గూర్చి వేరుగా ఉపన్యాసము చెప్పనక్కరలేదు.

చట్టము తొక్క వరకే

చట్టములు లేకపోలేదు. పరీక్షలలో అక్రమములను నివారించుటకు ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టము చేసినది. కేంద్రము 2024లో చేసిన చట్టము ఉద్యోగ, ప్రవేశ పరీక్షలలో అక్రమములు నడుపువారికి 3 నుండి 5 సంవత్సరముల కారాగారమును, ముఠాలుగా ఏర్పడి చేసినవారికి 5 నుండి 10 సంవత్సరముల కారాగారమును, కోటి రూపాయలకు తగ్గని జరిమానాను విధించుచున్నది. పరిశోధనలో గ్రంథచౌర్యమును అరికట్టుటకు విశ్వవిద్యాలయముల నిధుల సంఘము, అనగా యు.జి.సి., 2018లో నియమావళిని ప్రకటించెను. ఇతరుల రచనతో పోలిక 10 శాతము లోపున్న శిక్ష లేదు. 10 నుండి 40 శాతము వరకున్న సరిదిద్ది ఆరు నెలల లోపల మరల సమర్పింపవలెను. 40 నుండి 60 వరకున్న ఒక సంవత్సరము పాటు సమర్పణ నిషిద్ధము. 60 దాటిన పరిశోధకుని నమోదే రద్దగును.

ఈ నియమములు అవసరమైనవే. కాని యంత్రము మాటల పోలికను లెక్కించును, మనస్సును లెక్కింపలేదు. పదములు మార్చి భావమును దొంగిలించినవాడు 10 శాతము లోపల దాగగలడు. "ఎంత శాతము వరకు దొంగిలింపవచ్చును?" అని లెక్క వేసికొను విద్యార్థి నియమమును పాటించుచునే ధర్మమును తప్పుచున్నాడు. బసవేశ్వరుడు బోధించిన శీలములలో మొట్టమొదటిది చౌర్య త్యాగము. అందులో ఆయన శాతములు పెట్టలేదు. లోపలి శుద్ధిని, వెలుపలి శుద్ధిని ఒకటిగా చూచిన ధర్మమది. చట్టము తొక్కను పరీక్షించును, శీలము టెంక వరకు పోవును.

అంకితము చెప్పుట

ఇతరుల భావమును తీసికొనుటయే తప్పా? కాదు. తీసికొననిదే విద్య లేదు. తీసికొని పేరు చెప్పకుండుట తప్పు. శరణులు తమ వచనముల చివర అంకితమును నిలిపిరి. కూడలసంగమదేవ అన్నచోట బసవన్న, గుహేశ్వర అన్నచోట అల్లమప్రభువు, చెన్నమల్లికార్జున అన్నచోట అక్కమహాదేవి పలుకుచున్నారని ఎనిమిది వందల ఏండ్ల పిదప కూడ తెలియుచున్నది. ఆ అంకితము దైవమునకు సమర్పణము, లోకమునకు సాక్ష్యము కూడ. ఒకరి వచనమును మరియొకరి అంకితముతో చదువుట ఏ శరణ గృహమునను జరుగదు. ఆ శ్రద్ధయే కళాశాలలో ప్రవేశించినచో గ్రంథచౌర్యమను మాటయే యుండదు.

నూజివీడు తోట కూడ ఇదే చెప్పుచున్నది. అచటి బంగినపల్లి చెట్టు అంటు కట్టినది. వేరొక చెట్టు మొదలు మీద మేలైన కొమ్మను అతికించి పెంచినది. అంటు కట్టుట దొంగతనము కాదు, అది తోటమాలి విద్య. నూజివీడు నేలలో పెరిగి, నూజివీడు నీరు త్రాగి, నూజివీడుకు కీర్తి తెచ్చిన ఆ పండు, నేటి నంద్యాల జిల్లాలోని బనగానపల్లె పేరునే మోయుచున్నది. 2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు కూడ లభించెను. మూలము పేరు చెప్పుటచే నూజివీడు గౌరవము తగ్గలేదు. సోమనాథుని తెలుగు బసవపురాణమును భీమకవి 1369లో కన్నడమున రచించెను. తెలుగు మూలమున్నదనుటచే కన్నడ గ్రంథము చిన్నబోలేదు, రెండు భాషల వీరశైవులును రెండింటిని పూజించుచున్నారు. ఋణమును ఒప్పుకొనినవాడు పేదవాడు కాడు.

నేడు కంప్యూటరు తానే వ్యాసములు వ్రాయగల కృత్రిమ మేధ వచ్చినది. నూజివీడు ప్రాంగణము గల విశ్వవిద్యాలయమునకు తొలి ఛాన్సలరు చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున పుట్టి, ఆ కృత్రిమ మేధారంగమున చేసిన కృషికే 1994లో ట్యూరింగ్ పురస్కారము పొందిన రాజ్ రెడ్డి. కాబట్టి ఆ సాధనమును చూచి భయపడుట గ్రామీణ విద్యార్థికి తగదు. ఇంగ్లీషు రాని బిడ్డకు అది వాక్యమును దిద్దునట్టి పంతులు కావచ్చును, రాత్రివేళ సందేహము తీర్చు తోడు కావచ్చును. ఐతే దానికిని ఆ కొలతయే వర్తించును. సహాయము పొందిన మాట చెప్పినచో అది అంటు. యంత్రము వ్రాసిన దానిక్రింద తన అంకితము పెట్టినచో అది కార్బైడు.

పేదవాని ప్రశ్న

ఇచట ఒక కఠినమైన ప్రశ్న మిగులును. తండ్రి అప్పు చేసి చదివించుచున్నాడు, ఒక్క పరీక్ష పోయిన ఇల్లు కూలును, ప్రక్క బెంచీ వాడు చూచి వ్రాయుచునే యున్నాడు. అట్టి బిడ్డను సత్యవంతుడవై ఓడిపొమ్మనుట న్యాయమా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయుట కడుపు నిండినవారి నీతియగును.

మారయ్య, లక్కమ్మల ఇల్లు కూడ నిండిన ఇల్లు కాదు. ఐనను వారి కథను పేదవానికి మాత్రమే బోధించుట అన్యాయము. లక్కమ్మ నిరాకరించగలిగినది ఏలయనగా ఆమె చుట్టును కాయకమును గౌరవించు ఒక సమాజము ఉండెను. బియ్యము తక్కువైనదని ఆమెను ఎవరును చిన్నచూపు చూడలేదు. నేటి విద్యార్థి చుట్టును అట్టి సమాజము కలదా? ఇంటికి వచ్చిన బిడ్డను "ఏమి నేర్చితివి?" అని గాక "ఎన్ని వచ్చినవి?" అని అడుగు తల్లిదండ్రులు, సంబంధము చూచునప్పుడు పట్టా రంగును మాత్రమే చూచు పెద్దలు, రాంకు వచ్చిన పిల్లల ఛాయాచిత్రములు మాత్రమే ప్రచురించు సంఘములు, వీరందరును పూత మీదనే తోటను గుత్తకు తీసికొనిన వ్యాపారులే. లేత కాయను కోయుమని తొందరపెట్టి, పిదప పండు పులిసినదని నిందించుట తగదు. బిడ్డను సత్యవంతుడవు కమ్మని అడుగు హక్కు, వాని ఓటమిని కూడ ఆదరించుటకు సిద్ధపడిన వారికే కలదు.

చేయదగినది

ఈ విషయమున వీరశైవ సమాజమునకు ఇతరులకంటె ఎక్కువ బాధ్యత కలదు. అన్నదాసోహముతో పాటు అక్షరదాసోహమును మఠములు తమ ధర్మముగా స్వీకరించినవి. తుమకూరు సిద్ధగంగా మఠము కులమత భేదము లేక వేలాది బిడ్డలకు అన్నము పెట్టి చదువు చెప్పుచున్నది. బెళగావిలో 1916లో ఏడుగురు ఉపాధ్యాయులు కలిసి నెలకొల్పిన కె.ఎల్.ఇ. సంస్థ నేడు వైద్య, సాంకేతిక విద్యాలయములను నడుపుచున్నది. ఇట్టి సంస్థలు మార్కుల పందెమున ఇతరులతో పోటీ పడుటకంటె, సత్యశుద్ధమైన విద్యకు మార్గదర్శులగుట ఉచితము.

అందులకు పెద్ద ధనము అక్కరలేదు. ఉపాధ్యాయుడు తరగతిలో చెప్పు పాఠమునకు ఆధారమైన గ్రంథము పేరు ముందుగా చెప్పవలెను. ప్రాజెక్టులు బజారులో కొనుటకు వీలులేని విషయములపై ఇయ్యవలెను. నూజివీడు విద్యార్థి తన ఊరి తోటలో తెగులును, బావి నీటి మట్టమును, మార్కెట్టు ధరలను తానే కొలిచి వ్రాసినచో దానిని ఎవరివద్దను ఎత్తి వ్రాయలేడు. ప్రతి వ్యాసమును తోటివారి ఎదుట నోటితో వివరింపజేయవలెను. అనుభవ మంటపమున అల్లమప్రభువు అధ్యక్షుడైనను ప్రశ్నకు అతీతులు ఎవరును లేరు. తానే చేసిన పనిని గూర్చి ఏ ప్రశ్న వచ్చినను బిడ్డ తొట్రుపడుచునైనను జవాబు చెప్పును, కొని తెచ్చిన దానిని గూర్చి రెండవ ప్రశ్నకే మౌనము వహించును. తప్పు చేసి తానే ఒప్పుకొనినవానికి మరల వ్రాయు అవకాశము ఇయ్యవలెను, ఏలయనగా శరణ మార్గము పశ్చాత్తాపపడినవానికి తలుపు మూయదు. సమాజపు సభలలో బహుమతులు ఇచ్చునప్పుడు రాంకులతో పాటు, స్వయముగా చేసిన ఒక చిన్న ప్రయోగమునకు, నిజాయితీగా వ్రాసిన ఒక వ్యాసమునకు కూడ తావు కల్పింపవలెను.

విశ్వవిద్యాలయమున నిజాయితీ ఉత్తర్వులతో పుట్టదు. అది లక్కమ్మ వంటి ఇల్లాలి వంటయింట మొదలగును, గురువు లెక్క పుస్తకమున పెరుగును, విద్యార్థి అంకితమున పండును. ముదురక ముందే కోయని తోటమాలికి ధర కొంత ఆలస్యముగా రావచ్చును. ఐనను అతని పండు తినినవాడు మరుసటి ఏడు అతని తోటనే వెదకికొని వచ్చును. సత్యశుద్ధమైన విద్యాకాయకమును బిడ్డలకు నేర్పిన ఇండ్లు, మఠములు అట్టి తోటలగుగాక.